రైలు కూతకు అర్థమేమిటి? పట్టాల పక్కన మన చెవిని ఎంతవరకు నమ్మొచ్చు?

రాత్రి పదకొండు దాటాక గుత్తి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా మిద్దె మీద పడుకుని వినండి. ఎక్కడో దూరంగా పోతున్న గూడ్సు బండి కూత కూడా పక్క వీధిలో వేసినట్టు వినిపిస్తుంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అవే పట్టాల పక్కన చేలో నిలబడితే, బండి దగ్గరికి వచ్చేదాకా చప్పుడు తెలియకపోవచ్చు. బండి అదే, హారన్ అదే, వినే చెవులూ అవే. మరి తేడా ఎక్కడుంది?

రైలు చప్పుళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఇంజన్ కనిపించకముందే కూత విని అది డీజిలా, కరెంటా చెప్పేస్తారు. ఇంకాస్త అనుభవం ఉన్నవాళ్లు ఏ రకం ఇంజనో కూడా చెబుతారు. ఇది సరదా విద్యే. కానీ ఉమ్మడి అనంతపురం జిల్లాలో పట్టాలకు అటు ఇల్లు, ఇటు చేను ఉన్నవాళ్లకు, రోజూ గొర్రెలను అటూ ఇటూ తోలేవాళ్లకు ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. ఇంజన్లు మారాయి, పట్టాలు మారాయి, గేట్లు మారాయి. ‘చప్పుడొస్తే తెలుస్తుందిలే’ అనే మన అలవాటు మాత్రం మారలేదు. అందుకే రైలు చప్పుళ్ల వెనుక ఉన్న సంగతులు తెలుసుకుందాం.

గుంతకల్లు, గుత్తి ప్రత్యేకత ఏమిటి?

గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం. రాయచూరు, బళ్లారి, డోన్, గుత్తి, ధర్మవరం వైపు వెళ్లే లైన్లన్నీ అక్కడ కలుస్తాయి. ముంబయి - చెన్నై ప్రధాన మార్గం గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి మీదుగానే వెళుతుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బండ్లు గుత్తి, అనంతపురం, ధర్మవరం, హిందూపురం మీదుగా వెళతాయి. ఒకే చోట ఇన్ని రకాల బండ్లు వినిపించే జంక్షన్లు దక్షిణాదిలో తక్కువ.

గుత్తికి మరో గుర్తింపు కూడా ఉంది. మన దేశంలో ప్రతి ఇంజన్ మీద అది ఏ షెడ్డుకు చెందిందో రాసి ఉంటుంది. ‘గుత్తి’ అని రాసిన డీజిల్ ఇంజన్లు ఏళ్ల తరబడి ఎన్నో రాష్ట్రాలు తిరిగాయి. రైలు అభిమానులకు ఆ పేరు చూడగానే గుర్తొచ్చేది ‘ఆల్కో’ ఇంజన్ల గొంతు.

ఆల్కో ఇంజన్ చప్పుడుకు అంత పేరెందుకు?

ఆల్కో అనేది అమెరికన్ లోకోమోటివ్ కంపెనీకి పొట్టి పేరు. ఆ కంపెనీ డిజైన్‌తో డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజన్ 1962లో మన దేశానికి వచ్చింది. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. అమెరికాలో ఆ కంపెనీ 1969లో మూతపడినా, మన దగ్గర ఆ కుటుంబానికి చెందిన ఇంజన్లు దశాబ్దాల పాటు తయారవుతూ వచ్చాయి.

డబ్ల్యూడీఎం-2లో 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. ఊరకే నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. అందుకే స్టేషన్‌లో ఆగి ఉన్నప్పుడు ఒక్కో దెబ్బా విడివిడిగా తెలిసేలా ‘గుడ... గుడ... గుడ’ అంటుంది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల కూడా సన్నగా అదురుతుంది. లోకో పైలట్ ఒక్కో మెట్టు పెంచుకుంటూ ఎనిమిదో మెట్టుకు వెళ్లేసరికి ఆ వేగం నిమిషానికి 1,000కి చేరుతుంది. అప్పుడు దానికి టర్బోచార్జర్ ఈల కూడా తోడవుతుంది. టర్బో వేగం అందుకునేలోపు ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ అవుతుంది. ఇంజన్ కదిలేటప్పుడు నల్లటి పొగ లేచేది అందుకే.

తాడిపత్రి దగ్గర పెన్నా తీరం నుంచి గుత్తి వైపు, ధర్మవరం నుంచి హిందూపురం వైపు నేల ఎత్తు పెరుగుతూ పోతుంది. బరువైన గూడ్సును ఆ ఎత్తు ఎక్కించేటప్పుడు డీజిల్ ఇంజన్ గొంతు చించుకునేది. బండి రాకముందే ఆ చప్పుడు ఊరికి చేరేది.

తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 ఇంజన్ల చప్పుడు వేరు. ఆల్కోది ఫోర్ స్ట్రోక్ ఇంజన్, వీటిది టూ స్ట్రోక్. ఒకే వేగంతో తిరిగినా టూ స్ట్రోక్‌లో పేలుళ్లు రెట్టింపు. అందుకే ‘గుడ గుడ’ బదులు ఏకధాటిగా సాగే ‘హూం’ మనే రొద వినిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే ఆవిరి బండి. రెండు సిలిండర్లున్న ఆవిరి ఇంజన్ చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ‘చుక్’లు. పెద్దవాళ్లు బండి వేగాన్ని ఆ ‘చుక్ చుక్’ను బట్టే చెప్పేవారు. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి.

కరెంటు ఇంజన్‌కు సొంత చప్పుడు ఉండదా?

ఉంటుంది. కాకపోతే దాని తీరు వేరు. పైన తీగ నుంచి కరెంటు తీసుకునే ఇంజన్‌లో పేలుళ్లు ఉండవు. వినిపించేది మోటార్లు, వాటిని చల్లబరిచే ఫ్యాన్లు, కరెంటును మార్చే పరికరాలు.

డబ్ల్యూఏపీ-4, డబ్ల్యూఏజీ-7 వంటి పాత రకాల్లో ‘ఆర్నో కన్వర్టర్’ అనే యంత్రం ఉండేది. ఇంజన్ ఆగి ఉన్నా అది తిరుగుతూ ఒకే శ్రుతిలో మూలుగుతుంది. బండి కదిలేటప్పుడు ట్యాప్ చేంజర్ ఒక్కో మెట్టూ మారుతూ ‘ఠక్, ఠక్’ మంటుంది.

డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 రకాలు 6,000 హార్స్‌పవర్ దాటినవి. వీటిలో కరెంటును ఎలక్ట్రానిక్ పరికరాలు చిన్న చిన్న ముక్కలుగా కోసి మోటార్లకు పంపుతాయి. ఆ కోత వేగం మారినప్పుడల్లా శ్రుతి మారుతుంది. అందుకే ఈ ఇంజన్లలో పాతవి కదిలేటప్పుడు ఎవరో స్వరాలు పలికినట్టుంటుంది. ఇదే పద్ధతిలో ఆస్ట్రియాలోని సీమెన్స్ ఇంజన్లు, జపాన్‌లోని కేక్యూ రైళ్లు ఏకంగా సరిగమలు పాడినట్టు బయలుదేరడం ప్రపంచమంతా పేరుపడింది. కొత్త పరికరాలు వచ్చేకొద్దీ ఆ పాట కూడా సన్నగిల్లుతోంది.

2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ - యశ్వంత్‌పూర్ వందేభారత్ అనంతపురంలో ఆగుతుంది. దానికి విడిగా ఇంజనే లేదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు అది వచ్చాక తెలుస్తుందే తప్ప, వస్తున్నట్టు తెలియదు.

దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 95 శాతానికి పైగా కరెంటు లైన్లు పడ్డాయి. పొగ తగ్గింది, ఖర్చు తగ్గింది. అలాగే బండి వస్తోందని ముందే చెప్పే రొద కూడా తగ్గింది.

‘టక్ టక్... టక్ టక్’ ఏమైపోయింది?

ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. రెండు ముక్కల మధ్య సన్నటి సందు వదిలి, ఫిష్‌ప్లేట్లతో బిగించేవారు. ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి ఆ సందు అవసరం. వేడి 30 డిగ్రీలు పెరిగితే 13 మీటర్ల పట్టా నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా ‘టక్’ మనేది.

దీంతో ఒక చిట్కా కూడా ఉండేది. 13 మీటర్ల పట్టాల మీద ఒకే చక్రం వేసే ‘టక్’లను 47 సెకన్ల పాటు లెక్కపెడితే, వచ్చిన సంఖ్యే గంటకు కిలోమీటర్లలో బండి వేగం. 60 వస్తే 60 కిలోమీటర్లు. వాచీ తప్ప మరేమీ అక్కర్లేదు.

ఇప్పుడు పట్టాలను వెల్డింగ్‌తో పొడవుగా అతికిస్తున్నారు. లైన్లు మారే చోట, వంతెనల దగ్గర తప్ప ఆ తాళం వినిపించదు. ప్రయాణం మెత్తగా ఉంది. కానీ పక్క చేలో ఉన్నవాళ్లకు బండి రాకను తెలిపే ఇంకో చప్పుడు పోయింది.

కూతల్లో ఎన్ని అర్థాలున్నాయి?

లోకో పైలట్ హారన్ మోగించేది సరదాకు కాదు. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంతసేపు మోగించాలో రైల్వే నిబంధనల్లో రాసి ఉంటుంది. రైలు వెనుక పెట్టెలో ఉండే ట్రైన్ మేనేజర్‌తో, అంటే నిన్నమొన్నటి గార్డుతో, స్టేషన్ సిబ్బందితో, గేట్‌మన్‌తో ఆయన మాట్లాడే భాష అది. ప్రయాణికులకు, పట్టాల పక్కన ఉండేవాళ్లకు పనికొచ్చేవి కొన్ని చూడండి:

- ఒక పొడవు, ఒక పొట్టి: బండి బయలుదేరుతోంది.
- ఆగకుండా పొడవైన కూత: ముందు లెవెల్ క్రాసింగ్ గేటో, సొరంగమో ఉంది. స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయేటప్పుడు కూడా ఇదే.
- మూడు పొట్టి కూతలు: వెనుక నుంచి గార్డు బ్రేకులు వేసి సాయం చేయాలి.
- నాలుగు పొట్టి కూతలు: ప్రమాదం వల్లో, ఇంజన్ చెడిపోవడం వల్లో, అడ్డంకి వల్లో బండి ముందుకు పోలేదు.
- రెండు పొట్టి, ఒక పొడవు: ఎవరో చైన్ లాగారు, లేదా బ్రేకు గొట్టంలో ఏదో తేడా వచ్చింది.
- పొడవు, పొట్టి, పొడవు, పొట్టి: బండి రెండు ముక్కలుగా విడిపోయింది.
- వెంటవెంటనే ఆగకుండా పొట్టి కూతలు: అపాయం. పట్టాల మీద ఎవరైనా ఉన్నప్పుడు, ఎదురుగా వచ్చే బండికి దారిలో అడ్డంకి ఉందని చెప్పాల్సినప్పుడు ఇలా మోగిస్తారు.

ఆఖరిది ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. పట్టాల దగ్గర ఉన్నప్పుడు తెంపు లేని పొట్టి కూతలు వినిపిస్తే, అవి మీకోసమే అనుకుని వెంటనే పక్కకు తప్పుకోండి. ఏ పట్టా మీద బండి వస్తోందో చూద్దామని నిలబడిపోవద్దు.

కూత కాకుండా రైల్వేలో టపాకాయ కూడా ఉంది. దారిలో బండి ఆగిపోతే, వచ్చే బండిని హెచ్చరించడానికి సిబ్బంది పట్టా మీద డిటొనేటర్లు అమర్చుతారు. బ్రాడ్‌గేజ్ మీద 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు. చక్రం ఎక్కగానే అవి పేలుతాయి. అలాంటివి కనిపిస్తే ముట్టుకోకూడదు.

గేటు మూసే ఉంది కదా, ఇంకా కూతెందుకు?

గేటు పక్కన ఇళ్లున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పట్టాల వెంట పసుపు రంగు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ‘డబ్ల్యూ/ఎల్’ అని, హిందీలో ‘సీ/ఫా’ అని ఉండటం మీరు చూసే ఉంటారు. ముందు లెవెల్ క్రాసింగ్ ఉంది, కూత వేయమని దాని అర్థం. గేటుకు సుమారు 600 మీటర్ల ముందు ఈ బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి గేటు దాటేదాకా హారన్ వేయడం లోకో పైలట్ విధి. గేటు మూసి ఉన్నా కింద నుంచి దూరి వచ్చే సైకిళ్లు, బైకులు, పశువులు ఉంటాయి. అర్ధరాత్రి నిద్ర చెడిందని విసుక్కునే కూత ఎవరినో ఒకరిని ఆపడానికే.

ఇక్కడే చాలామందికి తట్టని విషయం ఒకటుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నీ 2019 జనవరి చివరికి తీసేశారు. కొన్నిచోట్ల అండర్‌పాస్ కట్టారు, కొన్నిచోట్ల గేట్‌మన్‌ను పెట్టారు, కొన్నిచోట్ల దారే మూసేశారు. ప్రమాదాలు తగ్గించిన మంచి పని ఇది. అయితే గేటు పోయిన చోట, గేటు కోసం వేసే కూతకూ పని లేదు. వానొచ్చి అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచాయనో, చుట్టూ తిరగాల్సి వస్తుందనో పాత దారినే పట్టాలు దాటేవాళ్లు, ఎప్పటిలా కూత వినిపిస్తుందనుకుంటే అది పొరపాటు. లోకో పైలట్ కంటికి మీరు కనిపిస్తేనే హారన్ మోగుతుంది. వంపుల దగ్గర, చీకట్లో మీరు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

మధ్యాహ్నం ఎందుకు వినిపించదు?

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది, చల్ల గాలిలో నెమ్మదిగా పోతుంది. అనంతపురం జిల్లాలో వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. చెట్టు తక్కువ, ఎర్రటి బీడు ఎక్కువ. పగలు ఆ నేల పెనంలా కాగుతుంది. నేలకు ఆనుకుని ఉన్న గాలి వేడిగా, పైగాలి అంతకంటే చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. కొంత దూరం తర్వాత నేల మీద ఉన్న మనిషికి చేరాల్సిన శబ్దం తల మీదుగా వెళ్లిపోతుంది.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. ఇప్పుడు కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. శబ్దం కిందికి వంగి, నేల వెంట చాలా దూరం పోతుంది. మిద్దె మీద పడుకున్నప్పుడు కూత దగ్గరగా అనిపించేది అందుకే.

దీనికి గాలి కూడా తోడవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఇక్కడి గాలి బలం చూసే. గాలి మీ వైపు నుంచి రైలు వైపు వీస్తుంటే చప్పుడు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. పైగా పట్టాల మీద చక్రాల రొద పక్కలకు ఎక్కువగా, ముందుకు తక్కువగా పోతుంది. అంటే పట్టాల మధ్య నడుస్తున్న మనిషికే అది అందరికంటే తక్కువ వినిపిస్తుంది.

కూత విషయంలో ఇంకో సంగతి. బండి మిమ్మల్ని దాటగానే హారన్ శ్రుతి దిగిపోతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి కూత, సంగీతం తెలిసినవాళ్ల మాటల్లో, సాధారణ గాంధారం నుంచి షడ్జానికి జారినంత దిగుతుంది. దాన్నే డాప్లర్ ప్రభావం అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ బండి దాటిపోయాక తెలిసే ఆ తేడా జాగ్రత్తపడటానికి పనికిరాదు.

మనకు ఎన్ని సెకన్లు ఉంటాయి?

ఓ లెక్క చూద్దాం. 110 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 30 మీటర్లకు పైగా పోతుంది. 600 మీటర్ల దూరంలో కూత వేస్తే, ఆ శబ్దం మీకు చేరడానికే సెకనున్నర పైగా పడుతుంది. బండి మీ దగ్గరికి చేరడానికి మొత్తం 20 సెకన్లు. గుంతకల్లు, గుత్తి మీదుగా వెళ్లే ముంబయి - చెన్నై మార్గంలో 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో 17 సెకన్లే. ఒక మనిషి గబగబా దాటగలడేమో. యాభై గొర్రెల మంద దాటదు.

లోకో పైలట్ మిమ్మల్ని చూసి అత్యవసర బ్రేకు వేసినా ఆ వేగంలో బండి ఆగడానికి సుమారు కిలోమీటరు పడుతుంది. ఆయన చేతిలో ఉండేది హారన్ ఒక్కటే.

రెండు లైన్లున్న చోట ముప్పు ఇంకా ఎక్కువ. దగ్గరి లైన్‌లో గూడ్సు పోతుంటే దాని చప్పుడులో రెండో లైన్‌లో వచ్చే ఎక్స్‌ప్రెస్ చప్పుడు కలిసిపోతుంది. గూడ్సు దాటగానే అడుగు వేస్తే, దాని వెనుక ఏముందో కంటికి కనిపించదు, చెవికి వినిపించదు.

మరి ఏం చేయాలి?

- గేటు, అండర్‌పాస్, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఉన్నచోటే దాటండి. మందను తోలుకుపోయేటప్పుడు గేటు దగ్గరికే వెళ్లి, గేట్‌మన్‌ను అడిగి దాటించండి.
- ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఫోన్ మాట్లాడటం ఆపండి. రెండు వైపులా చూడండి.
- రెండు లైన్లున్న గేటు దగ్గర ఒక బండి పోయినా గేటు ఎత్తలేదంటే ఇంకో బండి వస్తోందని అర్థం. కింద నుంచి దూరొద్దు.
- చెవి పట్టాకు ఆనించి వినే పాత అలవాటు ఉంటే మానేయండి. ఇనుములో శబ్దం గాలిలో కంటే ఎన్నో రెట్లు వేగంగా వస్తుందన్నది నిజమే. తల పట్టా మీద పెట్టినప్పుడు వెనుక నుంచి వచ్చేది కనిపించదన్నదీ నిజమే.
- పట్టా విరిగినట్టు కనిపించినా, పట్టాల మీద ఏదైనా అడ్డం పడి ఉన్నా దగ్గరలోని గేట్‌మన్‌కో, స్టేషన్‌కో చెప్పండి. రైల్వే హెల్ప్‌లైన్ నంబరు 139.
- అండర్‌పాస్‌లో నీళ్లు నిలిస్తే పట్టాలెక్కకుండా 139కి గానీ, రైల్ మదద్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి.

అనుమతి లేకుండా పట్టాల మీదకు వెళ్లడం రైల్వే చట్టం-1989లోని సెక్షన్ 147 కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మూసిన గేటును తెరిస్తే సెక్షన్ 160 కింద మూడేళ్ల వరకు జైలు.

రైలు చప్పుళ్లు ఇష్టమైతే వినడానికి మంచి చోటు స్టేషనే. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని గుంతకల్లులోనో, గుత్తిలోనో ఒక గంట కూర్చోండి. పసుపు గీతకు ఇవతల ఉండే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మీ ఊరి పట్టాల పక్కన పెరిగే పిల్లలకు పైన చెప్పిన కూతల్లో కనీసం ఆఖరిదైనా నేర్పండి. ఆగకుండా పొట్టి కూతలు వినిపిస్తే ముందు పట్టాల నుంచి దూరంగా జరగాలి, ఆ తర్వాతే తలెత్తి చూడాలి.